మేరీ జేన్ జుట్టు రంగు

మొన్న 2025 దసరా సెలవులకు పిల్లలందరూ బళ్లారిలో మా ఇంట్లో చేరారు. పిల్లలని అనడమే గానీ ఎవరూ చిన్నవాళ్లు కారు. మావాడిది ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. అన్నయ్య కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం. చెల్లెలి కూతురు ఎం.కాం. చదువుతోంది. మా వంశంలో నా తర్వాత కామర్స్ జోలికి వచ్చిన ప్రాణి ఆ పిల్ల ఒక్కతే, కనుక దానిమీద నాకు కాస్త పక్షపాతం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో ఈ వ్యాసం చివరకు వచ్చేసరికి మీరే తేల్చుకోండి.

ఆయుధపూజ మర్నాడు పొద్దున్నే ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు పెట్టుకుని కూర్చున్నాం. ఎక్కడ మొదలైందో తెలియదు గానీ బజ్జీల పళ్లెం సగమయ్యేసరికి మావాడి గొంతు వీధిలోకి వినిపిస్తోంది. ఆస్తి తగాదా ఏమో అనుకుని పక్కింటివారు తొంగి చూశారు కూడా. తీరా చూస్తే తగాదా ఆస్తి గురించి కాదు. స్పైడర్‌మాన్ ప్రియురాలు మేరీ జేన్‌గా ఎవరు సరిపోయారు, ఎవరు సరిపోలేదు అన్నది తగాదా.

మావాడి వాదన ఏమిటంటే, బొమ్మల పుస్తకంలో మేరీ జేన్‌కు ఎర్రజుట్టు, పచ్చ కళ్లు. కాబట్టి 2017లో వచ్చిన సినిమాలో జెండయాను పెట్టడం తప్పు. అన్నయ్య కొడుకు 2002 నాటి కిర్‌స్టెన్ డన్‌స్ట్ పక్షం. ఆ సినిమా వాడు ఊయలలో ఉండగా వచ్చింది, అయినా ఆ అమ్మాయిని ఎవరైనా ఒక మాట అంటే వాడికి సొంత వదినను అన్నట్టుగా ఉంటుంది. మేనకోడలు జెండయా పక్షం. అది గొంతు పెంచదు, ఒక్కొక్క మాటే అంటుంది, అదే మావాడికి మరీ మంట.

మా అమ్మ ఇదంతా విని, "ఎవర్రా ఆ పిల్ల? ఎవరి పిల్ల?" అని అడిగింది. ఎవరికి ఏ సంబంధం చూస్తున్నారో అనుకుంది పాపం.

అమ్మ అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. మేరీ జేన్ కథ నిజానికి పెళ్లి సంబంధంగానే మొదలైంది. ఇది చాలామందికి తెలియదు, అందుకని కాస్త వివరంగా చెబుతాను. స్పైడర్‌మాన్ 1962 ఆగస్టులో పుట్టాడు. స్టాన్ లీ కథ, స్టీవ్ డిట్కో బొమ్మలు. కుర్రవాడి అసలు పేరు పీటర్ పార్కర్. తల్లిదండ్రులు లేరు. పెంచినావిడ మే పిన్ని. ఆవిడకు పక్కింట్లో ఒక స్నేహితురాలు, పేరు వాట్సన్ గారమ్మ అనుకోండి. ఆవిడకు అన్నదమ్ముల కూతురు ఒకతె ఉంది. ఇద్దరు పెద్దాళ్లూ కలిసి "మా పిల్లవాడు బుద్ధిమంతుడు, మా పిల్ల లక్షణమైనది, ఒక్కసారి చూసుకుంటే పోలా" అని మొదలుపెట్టారు. 1964లో మొదటిసారి ఈ ప్రస్తావన వస్తుంది. మన ఇళ్లలో లాగానే కుర్రవాడు తప్పించుకు తిరుగుతాడు. పెద్దవాళ్లు చూసిన పిల్ల కదా, ఎలా ఉంటుందోనని వాడి భయం. ఈ దాగుడుమూతలు రెండేళ్లు నడిపారు. 1965లో ఒకసారి ఆ అమ్మాయి ఇంటికే వచ్చింది, మిగతా ఆడపిల్లలు ఆమెను చూసి నోళ్లు తెరిచారు గానీ పాఠకుడికి మాత్రం ముఖం కనబడకుండా ఒక పూలమొక్క అడ్డం పెట్టి గీశాడు డిట్కో. చివరకు 1966 నవంబరు సంచిక, 42వది, ఆఖరి పేజీలో తలుపు తెరుచుకుంటుంది, గుమ్మంలో ఎర్రజుట్టు అమ్మాయి నిలబడి ఉంటుంది. అప్పటికి డిట్కో వెళ్లిపోయి జాన్ రొమిటా గీస్తున్నాడు. ఆన్-మార్గరెట్ అనే హాలీవుడ్ తారను మనసులో పెట్టుకుని ఆ బొమ్మ గీశానని ఆయనే చెప్పాడు.

అంటే ఏమిటి? పుస్తకంలో పిల్ల ముందు, సినిమాలో పిల్ల తర్వాత అని మనం అనుకుంటాం. ఇక్కడ సినిమా పిల్లే ముందు. ఆ పిల్లను చూసి పుస్తకంలో బొమ్మ గీశారు, ఆ బొమ్మలా లేదని ఆ తర్వాతి సినిమా పిల్లను తిడుతున్నారు.

ఇంకో ముచ్చట. రచయిత స్టాన్ లీ అసలు గ్వెన్ స్టేసీ అనే ఇంకో అమ్మాయిని పీటర్‌కు ఇచ్చి చేయాలనుకున్నాడు. ఆమెది పసుపు పచ్చని జుట్టు. కానీ రాస్తూ పోతుంటే మేరీ జేనే ఎక్కువ చలాకీగా తయారైంది. 1973లో 121వ సంచికలో గ్వెన్ చనిపోయింది. ఆ చావును ఇప్పటికీ కొందరు అభిమానులు క్షమించలేదు. 1987లో పీటర్‌కు మేరీ జేన్‌తో పెళ్లి చేశారు. మే పిన్ని మాట నెగ్గడానికి ఇరవై మూడేళ్లు పట్టిందన్న మాట.

ఇక సినిమాల సంగతి. 2002లో శామ్ రైమీ తీసిన చిత్రానికి కిర్‌స్టెన్ డన్‌స్ట్‌ను ఎంపిక చేశారు. ఆమె అప్పుడు బెర్లిన్‌లో వేరే చిత్రంలో నటిస్తోంది. దర్శకుడు, కథానాయకుడు టోబీ మెగ్వైర్ ఇద్దరూ విమానమెక్కి అక్కడికి వెళ్లి ఆమెకు పరీక్ష పెట్టారు. వరుడు స్వయంగా వెళ్లి చూసుకున్న సంబంధం. ఆమె జుట్టు సహజంగా పసుపు పచ్చనిది, ఎర్రగా చేశారు. 2007లో మూడో భాగంలో గ్వెన్‌గా వచ్చిన బ్రైస్ డాలస్ హవర్డ్‌ది పుట్టుకతో ఎర్రజుట్టు, ఆమెకు పసుపు పచ్చ రంగు వేశారు! ఎర్రజుట్టు పిల్లను పచ్చగా, పచ్చజుట్టు పిల్లను ఎర్రగా చేసి ఇద్దరినీ ఒకే సినిమాలో నిలబెట్టారు. అప్పుడు ఏ అభిమానీ అభ్యంతరం చెప్పలేదు. రంగు డబ్బా ఉండగా జుట్టు ఒక సమస్యే కాదని అందరూ ఒప్పుకున్నట్టే కదా!

2012లో కథ మళ్లీ మొదటినుంచి ఎత్తుకుని ఎమ్మా స్టోన్‌ను గ్వెన్‌గా పెట్టారు. దాని తర్వాతి భాగంలో మేరీ జేన్‌గా షైలీన్ వుడ్లీని తీసుకున్నారు. ఆ పిల్ల చిత్రీకరణలో పాల్గొంది కూడా. బయట ఎవరో తీసిన ఫోటోలు చూసి, సినిమాలో ఒక్క దృశ్యం కూడా చూడకుండానే, ఈమె మేరీ జేన్ అంత అందగత్తె కాదని బోలెడుమంది నోరు పారేసుకున్నారు. తర్వాత 2013లో ఆమె దృశ్యాలన్నీ తీసేశారు. కథలో చోటు చాలక అని దర్శకుడు చెప్పిన కారణం. అదే నిజం కావచ్చు. కానీ ఇరవై ఒక్కేళ్ల పిల్ల పొద్దున్నే లేచి తన ముఖం గురించి ఊరంతా అనుకుంటున్నది చదువుకుని ఉంటుంది కదా, అది ఏ ఖాతాలో వేయాలి?

ఆ తర్వాత జెండయా. తండ్రి ఆఫ్రికన్ అమెరికన్, తల్లి తెల్లావిడ. 2016లో ఆమెను తీసుకున్నారని ప్రకటించారు. ఆ ఆగస్టులో ఆమె వేసేది మేరీ జేన్ పాత్రేనని వార్త వచ్చింది. ఇక చూడండి, జుట్టు రంగు మాట ఎత్తి ఒంటి రంగు గురించి మాట్లాడారు. దర్శకుడు జేమ్స్ గన్‌కు ఆ చిత్రంతో సంబంధం లేదు, అయినా కల్పించుకుని, పాత్రకు ప్రాణం దాని స్వభావంలో ఉంటుందిగానీ చర్మం రంగులో ఉండదనే అర్థం వచ్చేలా రాశాడు. అప్పటికి 90 దాటిన స్టాన్ లీ కూడా ఆ అమ్మాయిని సమర్థించాడు. తీరా 2017లో చిత్రం వస్తే ఆమె పేరు మిషెల్ జోన్స్. మేరీ జేన్ కాదు. పొడి అక్షరాలు మాత్రం అవే, ఎం.జె. నిర్మాతలు భలే ఉపాయం చేశారు. ఇష్టమైనవాళ్లు మేరీ జేన్ అనుకోండి, కానివాళ్లు కాదనుకోండి. 2021లో మూడో భాగం వచ్చాక గానీ ఆమె ఇంటిపేరు చివర వాట్సన్ అని కూడా ఉందని చెప్పలేదు.

నేను ఈ తగాదాలో మధ్యవర్తిగా కూర్చుని మావాడి పక్షాన తీర్పు చెప్పాను. ముప్పై ఏళ్ల బ్యాంకు ఉద్యోగం కదా, నాకు తెలిసిన పోలికే ఇచ్చాను. "చెక్కు మీది సంతకం మా దగ్గరున్న స్పెసిమన్ సంతకంతో కలవాలి. కలవకపోతే చెక్కు వెనక్కి. మనిషి మంచివాడా, పాపం అవసరంలో ఉన్నాడా అని చూడం. పుస్తకంలో ఉన్నది స్పెసిమన్. తెరమీద ఉన్నది దానితో కలవాలి" అన్నాను. మావాడు చప్పట్లు కొట్టాడు.

మేనకోడలు నా వైపు చూసి, "పింఛనుదార్లు వస్తారు కదా మామా, చెయ్యి వణికి సంతకం కలవదు. వాళ్లని వెనక్కి పంపిస్తావా?" అంది.

పంపించను. ఎవరూ పంపించరు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, గుర్తుపట్టి, మళ్లీ సంతకం పెట్టించుకుంటాం, అదీ కుదరకపోతే వేలిముద్ర తీసుకుంటాం. సంతకం మనిషి కోసమేగానీ మనిషి సంతకం కోసం కాదు. ఎం.కాం. పిల్ల నా ఆయుధంతోనే నన్ను కొట్టింది. మర్యాద నిలుపుకోవడానికి నేను సంభాషణను సూపర్‌మాన్ వైపు మళ్లించాను. మీరూ రండి.

సూపర్‌మాన్ ప్రియురాలు లోయిస్ లేన్. పత్రికా విలేఖరి. 1938 జూన్ నాటి మొదటి సంచికలోనే ఇద్దరూ ఉన్నారు, అంటే నాయకుడితో పాటే పుట్టిన నాయిక. జెర్రీ సీగెల్ కథ, జో షుస్టర్ బొమ్మ. క్లీవ్‌లాండ్‌లో వీరిద్దరూ డబ్బులేని కుర్రాళ్లుగా ఉన్న రోజుల్లో జోయాన్ అనే పిల్ల, చిత్రకారుల ముందు నిలబడే పని కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చింది. షుస్టర్ పిలిపించాడు. ఆమెను చూసి లోయిస్ బొమ్మ వేశాడు. 1948లో ఆ జోయాన్ కథ రాసిన సీగెల్‌ను పెళ్లి చేసుకుంది. నాయిక పాత్రకు సరిపోయింది ఎవరంటే అసలు సమాధానం ఆవిడేనేమో!

1978 నాటి పెద్ద చిత్రానికి దర్శకుడు రిచర్డ్ డానర్ ఎందరినో పరీక్షించాడు. ఆన్ ఆర్చర్, లెస్లీ ఆన్ వారెన్, స్టాకర్డ్ చానింగ్, ఇలా పేరున్నవాళ్లే. ఆఖరికి కెనడా అమ్మాయి మార్గట్ కిడర్‌కు దక్కింది. గదిలోకి వస్తూ ఆమె తట్టుకుని పడబోయిందట. అంతే, లోయిస్ ఈమేననిపించిందని డానర్ తర్వాత చెప్పాడు. లోకాన్ని ఏలగల మొనగాడు ప్రేమించే పిల్ల కాలు తట్టుకునే పిల్ల అయి ఉండాలని ఆయనకు తోచింది చూడండి, అదీ దర్శకుడంటే. ఆ చిత్రం చూసినవారికి వేరే లోయిస్ కంటికి ఆనదు, నాతో సహా. 2006లో కేట్ బాస్‌వర్త్‌ను పెడితే, చిత్రీకరణనాటికి ఇరవై రెండేళ్ల పిల్లకు ఐదేళ్ల కొడుకా, పైగా పులిట్జర్ బహుమతా అన్నారు. లెక్క ప్రకారం చూస్తే ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. 2013లో ఎమీ ఆడమ్స్‌ను పెడితే, కథానాయకుడికంటే దాదాపు తొమ్మిదేళ్లు పెద్దదన్నారు, నల్లజుట్టు లేదన్నారు. నాయకుడే నాయికకంటే ముప్పై ఏళ్లు పెద్దయిన చిత్రాలు మనం ఎన్ని చూడలేదు! మా అమ్మ పక్కనే ఉంది కాబట్టి ఎవరి పేరూ ఎత్తలేదు. 2025లో వచ్చిన చిత్రంలో రేచల్ బ్రాస్నహన్. దర్శకుడు ఎవరో కాదు, చర్మం రంగు గురించి ఆ మాట రాసిన జేమ్స్ గన్‌గారే. ఈ పిల్ల విషయంలో మా ఇంట్లో ముగ్గురూ ఏకాభిప్రాయానికి వచ్చారు, బాగా చేసిందని. అలా ఏకాభిప్రాయం రావడంతో దానిమీద ఎవరికీ ఆసక్తి లేకపోయింది.

ఇదంతా అమెరికావాళ్ల పిచ్చి అనుకుంటే పొరపాటు. మనకు పురాణాలే బొమ్మల పుస్తకాలు. "మాయాబజార్"లో కృష్ణుడిగా ఎన్.టి.రామారావుగారిని కాక వేరొకరిని ఇవాళ ఊహించగలమా? ఆ ముందు ఏడాది 1956లో "సొంతవూరు"లో ఆయన కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనం మెచ్చలేదు. అందుకని మాయాబజార్‌కు ఆయనే వెనకాడారు. కె.వి.రెడ్డిగారు పట్టు వదలలేదు. 1957లో చిత్రం వచ్చింది. ఆ తర్వాత తెలుగువాడికి కృష్ణుడంటే ఆ ముఖమే. స్పెసిమన్ అక్కడే తయారైంది!

నాయికల సంగతికి వస్తే "మిస్సమ్మ". మొదట భానుమతిగారితో నాలుగు రీళ్లు తీశారు. ఒకరోజు వ్రతం చేసుకుని ఆలస్యంగా వచ్చారని చక్రపాణిగారు క్షమాపణ అడగడం, ఆవిడ ససేమిరా అనడం, ఆవిడ స్థానంలోకి సావిత్రి రావడం, సావిత్రి వేయవలసిన చెల్లెలి పాత్ర జమునకు వెళ్లడం, ఇదంతా మా అమ్మ నోట వినాలి. ఆవిడకు ఆ తగాదా నిన్న పక్కవీధిలో జరిగినట్టుంటుంది. భానుమతి అయితే మిస్సమ్మ ఇంకో రకంగా బాగుండేదని ఆవిడ ఇప్పటికీ అంటుంది. జమున గురించి చెప్పేటప్పుడు మాత్రం ఒక మాట తప్పకుండా చేరుస్తుంది: "మన హంపీలో పుట్టిన పిల్ల." నిజమే, జమున పుట్టింది మాకు కూతవేటు దూరంలో ఉన్న హంపీలో, పెరిగింది గుంటూరు జిల్లా దుగ్గిరాలలో. తెలుగువాళ్ల సత్యభామ కర్ణాటకంలో పుట్టిందని చెప్పుకోవడం మా బళ్లారివాళ్లకు అదో తృప్తి.

సత్యభామ అంటే గుర్తొచ్చింది. జమునకు ముందు తెలుగువాళ్ల సత్యభామ స్థానం నరసింహారావుగారు. మగవాడు. బాపట్లలో పుట్టి, రంగస్థలం మీద ఆడవేషంతో జనాన్ని ముగ్ధులను చేసి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ రోజుల్లో ఆయన సత్యభామ ఏమిటని అడిగినవాడు లేడు. అదే సమయంలో మా ఊరి బళ్లారి రాఘవగారు మాత్రం స్త్రీపాత్ర స్త్రీలే వేయాలని పట్టుబట్టారు. మాట వరసకు అని ఊరుకోలేదు, కొమ్మూరి పద్మావతీదేవి వంటివారిని పక్కన నిలబెట్టి నటించారు. అప్పట్లో అది చిన్న తెగింపు కాదు. ఆయన వకీలు కూడా, వాదనలో ఓడించడం కష్టమై ఉంటుంది.

ఈ మాటలన్నీ నేను ఉత్సాహంగా చెబుతుంటే మేనకోడలు బజ్జీల పళ్లెం తీసి లోపల పెట్టి వచ్చింది. వచ్చి కూర్చుని, మామూలుగా, నవ్వుతూనే అంది: "మామా, 2015 ఉగాది నాటకం గుర్తుందా?"

గుర్తుంది. ఇక్కడినుంచి రాయడం కాస్త కష్టం. మా ఊళ్లో ఈ పత్రిక అందుకునే ఇళ్లలో కొందరికి ఆ నాటకం గుర్తుండవచ్చు కూడా.

ఆ ఏడు ఉగాదికి పిల్లలచేత శశిరేఖా పరిణయం వేయించే బాధ్యత నామీద పడింది. శశిరేఖ వేషానికి ముగ్గురు ఆడపిల్లలు వచ్చారు. మేనకోడలికి అప్పుడు పన్నెండేళ్లు. తనది తన నాన్న రంగు, చామనచాయ అనడం కూడా మొహమాటానికే. కానీ పాత్రలన్నింటి మాటలూ కంఠస్థం చేసింది. రోజూ మా ఇంటికొచ్చి, సోఫామీద నిలబడి, మాయా శశిరేఖగా మారిన ఘటోత్కచుడి నడక నడిచి చూపించేది. ఇంటిల్లిపాదీ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. ఇంకో పిల్ల, హైదరాబాదునుంచి బదిలీమీద వచ్చిన ఒక కుటుంబం పిల్ల, తెల్లగా, బొద్దుగా, పట్టు పరికిణీ కట్టుకుని వచ్చింది. చూడగానే కమిటీలో అందరూ "శశిరేఖ వచ్చేసింది" అన్నారు. వాళ్లకంటే ముందు నేనే అన్నాను.

చెల్లెలికి, మేనకోడలికి చెప్పవలసిన బాధ్యత నాదే కదా. ఏం చెప్పాలి? రంగు మాట నోటితో అనలేం. అందుకని, "అమ్మాయి బాగా చేస్తుంది, కాకపోతే మాటల్లో మన బళ్లారి యాస, మధ్యలో కన్నడం దొర్లుతుంది, అతిథులు వస్తున్నారు, శుద్ధమైన తెలుగు కావాలి" అన్నాను. చెల్లెలు ఏమీ అనలేదు. పిల్ల ఏమీ అనలేదు. మాటలన్నీ నోటికి వచ్చు కదా అని దానిని తెర వెనక పుస్తకం పట్టుకుని మాటలు అందించే పనికి పెట్టాను. పెద్ద బాధ్యతే అప్పగించానని నాకు నేను చెప్పుకున్నాను.

యాస అన్నాను. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మా తాలూకా మైసూరు వైపు పోయింది. మా తాతలు ఇల్లు కదలలేదు, గీత కదిలింది. ఆ గీత ఇవతల మూడు తరాలుగా నిలబెట్టుకుంటూ వచ్చిన మాటను తక్కువ మాట అని నా మేనకోడలికి నేనే చెప్పాను. తమిళనాడులో, ఒడిశాలో, షోలాపూరులో ఈ పేజీ చదువుతున్న మీలో చాలామందికి బంధువుల పెళ్లికి అవతలికి వెళ్లినప్పుడు ఆ "మీ తెలుగు అదోలా ఉందే" అన్న మాట ఎదురై ఉంటుంది. నాకూ ఎదురైంది. తగిలింది కూడా. అదే మాట తీసుకొచ్చి పన్నెండేళ్ల పిల్లకు ఇచ్చాను.

నాటకం రోజున హైదరాబాదు పిల్ల వేదికమీద నిజంగా బొమ్మలా ఉంది. ఆ పిల్లను ఏమీ అనడానికి లేదు, పాపం పదకొండేళ్లది. రెండో రంగంలో జనాన్ని చూసి బెదిరిపోయింది. ఒక్క మాటా రాలేదు. తెర వెనకనుంచి మాట అందింది. మళ్లీ ఆగింది, మళ్లీ అందింది. కాసేపయ్యాక ఆ పిల్ల పెదవులు కదపడమే మిగిలింది, మాటలన్నీ తెర వెనకనుంచే వస్తున్నాయి, స్పష్టంగా, ఎక్కడా తడుముకోకుండా. మైకు అక్కడికి దగ్గరగా ఉండడంవల్ల హాలంతా వినబడింది. జనం చప్పట్లు కొట్టారు. సినిమాల్లో డబ్బింగులా ఉందని ఒకాయన మెచ్చుకున్నాడు. సినిమాల్లో అది మామూలే మరి. 2010లో "ఏ మాయ చేసావె"లో సమంత ముఖానికి చిన్మయి గొంతు అరువిచ్చింది, ఆ గొంతుకు నంది బహుమతి కూడా వచ్చింది. చిత్రమేమిటంటే ఆ తెలుగు నాయిక ముఖమూ చెన్నైదే, గొంతూ చెన్నైదే! దానికి ఎవరూ యాస అనలేదు.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసికూడా పదేళ్లు దీన్ని దాటవేశాను. మా భాషలో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. ఎక్కడ చూపించాలో తెలియని పద్దును తాత్కాలికంగా అందులో పడేస్తాం. తాత్కాలికంగా అనే అనుకుంటాం. ఆడిట్‌కు వచ్చినవాడు మొట్టమొదట తెరిచేది ఆ పుస్తకమే.

మేనకోడలు అడిగింది కూడా అదే. "యాస బాగాలేదన్నావు కదా మామా. మరి మాటలు అందించేది నన్నెందుకు పెట్టావు?"

మావాడు ఫోను పక్కన పెట్టాడు. అన్నయ్య కొడుకు గోడవైపు చూశాడు. మా అమ్మకు సరిగ్గా వినబడలేదు, "ఏమంటుంది పిల్ల?" అని రెండుసార్లు అడిగింది. నేను కాసేపటికి, "యాస కాదమ్మా, అబద్ధం చెప్పాను" అన్నాను. అంతకంటే ఒక్క మాట పైన చెప్పలేకపోయాను. అది "తెలుసు మామా" అని లేచి వెళ్లి అందరికీ కాఫీ తెచ్చింది. కాఫీ తాగుతుండగా మావాడు తనంతట తానే, జెండయా రెండో సినిమాలో బాగానే చేసిందిలే అన్నాడు. ఎవరూ వాడికి జవాబివ్వలేదు.

సాయంత్రం చెల్లెలికి ఫోను చేశాను. మేం అనుకున్నంత సేపు మాట్లాడలేదు. "అప్పుడే తెలుసు అన్నయ్యా, నువ్వు చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు" అంది, ఆ తర్వాత బావగారి మోకాలి నొప్పి గురించి మాట్లాడాం.

పాత ఫోటోల పెట్టె దించి ఆనాటి ఫోటో వెతికాను. దొరికింది. మధ్యలో పట్టు పరికిణీలో శశిరేఖ, పక్కన అట్టకిరీటంతో అభిమన్యుడు, కుడివైపు అంచున తెర కొంచెం తొలగి ఒక చిన్న చెయ్యి, ఆ చేతిలో నోటుబుక్కు. ఫోటో తీసినాయన ఆ చెయ్యి పడకుండా తీయాలనుకుని ఉంటాడు, కుదరలేదు.

సెలవులు అయిపోయి బస్సు ఎక్కించడానికి వెళ్లినప్పుడు, ఈసారి పత్రికలో ఇదంతా రాయనా అని మేనకోడలిని అడిగాను. కాసేపు ఆలోచించి, "రాసుకో మామా. నా పేరు వేయకు. ఇంకొకటి, నేను శశిరేఖ వేషం అడిగానని రాయొద్దు. నాకు కావలసింది మాయా శశిరేఖ. తెల్లపిల్ల మామూలు శశిరేఖ, నేను మాయా శశిరేఖ, ఇద్దరం వేయవచ్చని నోటుబుక్కులో మొదటి పేజీలోనే రాసుకున్నాను. నన్ను ఎవరూ అడగలేదు" అంది.

బస్సు కదిలింది.